కమాను చేయి, ఎడమ చేయి: వయొలిన్ సాధనలో ఏది ముందు సరిచేసుకోవాలి?

(ఇది వయొలిన్ సాధకుల చర్చ. ప్రతి జవాబుకి పైన ఉన్నది రాసినవారి మారుపేరు.)

శ్రుతిపేటిక
రోజుకి గంట సాధనలో రెండు చేతులకీ సమయం ఎలా పంచుకోవాలో తేలడం లేదు. లక్షణాలు ఇవీ. కమాను (తీగల మీద లాగే, వెంట్రుకలు కట్టిన కర్ర) నెమ్మదిగా లాగితే సరిగ్గా మధ్యలో వణుకుతోంది. కొసకి వచ్చేసరికి నాదం పల్చబడి గాలి చప్పుడు మిగులుతోంది. ఎడమ చేతిలో నాలుగో వేలు (చూపుడు వేలు ఒకటి అనుకుంటే చిటికెన వేలు) వేయగానే బొటనవేలు వయొలిన్ మెడని నొక్కేస్తోంది, అక్కణ్ణుంచి మూడో పొజిషన్‌కి (చేతిని మెడ మీద బ్రిడ్జ్ వైపు జరిపి పెట్టే చోటు) జరగాలంటే చేయి అతుక్కుపోయినట్టు ఉంటోంది. ముందు కమాను బాగుచేసుకుని తర్వాత ఎడమ చేతికి రావాలా, రెండూ కలిపే చేయాలా? వ్యాయామాలు కొలతలతో సహా చెబితే మేలు.

కమాను
మీరు చెప్పినవి విడివిడి సమస్యల్లా ఉన్నా మూలం ఒక్కటే, బిగుతు. కుడి చేయి నొక్కితే ఎడమ చేయి కూడా నొక్కుతుంది. ఎడమ బొటనవేలు బిగిస్తే కుడి భుజం లేస్తుంది. రెండు చేతులూ కలిపి సరిచేయబోతే తప్పు ఎవరిదో తెలియదు. కాబట్టి మొదట విడదీయండి, తర్వాత కలపండి.

కమానుకి ఖాళీ తీగలే (వేలు వేయని తీగలు) చాలు. నాదాన్ని మూడు విషయాలు నడుపుతాయి: తీగ మీద బరువు, కమాను వేగం, బ్రిడ్జ్‌కి (తీగల్ని ఎత్తి పట్టే చెక్క) ఎంత దూరంలో వాయిస్తున్నామన్నది. ఫుల్ సైజు వయొలిన్‌లో ఫింగర్‌బోర్డ్ (వేళ్లు తీగల్ని నొక్కే పలక) అంచు నుంచి బ్రిడ్జ్ దాకా సుమారు 5.5 నుంచి 6 సెం.మీ. ఉంటుంది. దాన్ని మనసులో ఐదు దారులుగా గీసుకోండి. బ్రిడ్జ్ పక్కది ఒకటో దారి, ఫింగర్‌బోర్డ్ అంచుది ఐదోది. మెట్రోనోమ్ (తాళం దెబ్బలు వేసే సాధనం) 60లో, అంటే సెకనుకో దెబ్బ వచ్చేలా పెట్టి, ఐదో దారిలో మొత్తం కమానుని ఒక్క దెబ్బలో లాగండి. నాలుగో దారిలో 2 దెబ్బలు, మూడులో 4, రెండులో 8, ఒకటిలో 12. ప్రతి దారిలోనూ నాదం నిండుగా, గీర (గీరుకునే చప్పుడు) లేకుండా రావాలి. బ్రిడ్జ్‌కి దగ్గరైన కొద్దీ వేగం తగ్గుతుంది, బరువు పెరుగుతుంది. ఈ లెక్క చేతికి పట్టడమే కుడి చేతి సాధనలో సగం.

ఎందుకంటే, కమాను తీగని పట్టుకుని కాస్త పక్కకి లాగి వదిలేస్తుంది, మళ్లీ పట్టుకుంటుంది. ఈ పట్టు విడుపులు 440 హెర్ట్జ్ తీగ మీద సెకనుకి 440 సార్లు జరుగుతాయి. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దంలోనే ఈ కదలికని వర్ణించాడు. బరువు చాలకపోతే ఒక్క కంపనంలో తీగ రెండుసార్లు జారిపోతుంది, అప్పుడే నాదం పల్చబడి ఈలలా వినిపిస్తుంది. బరువు మితిమీరితే విడవాల్సిన సమయానికి విడవదు, గరగర మంటుంది. బ్రిడ్జ్‌కి దగ్గరగా వెళ్లేకొద్దీ ఈ రెండు హద్దుల మధ్య జాగా ఇరుకవుతుంది. అందుకే ఒకటో దారి కష్టం. కొత్తవాళ్లు మూడో దారిలో స్థిరపడ్డాకే అక్కడికి పోవడం మంచిది.

మంద్రషడ్జం
మధ్యలో వణుకు గురించి. కమాను కర్ర బాగా వంగేదీ, వెంట్రుకలు స్ప్రింగులా ఆడేదీ మధ్య భాగంలోనే. స్పికాటో లాంటి ఎగిరే వాయింపుకి పనికొచ్చే గుణం అదే. అంటే వణుకు కమానులో ఉన్న సహజమైన స్ప్రింగుదనం. బిగిసిన చేయి దాన్ని రెచ్చగొడుతుంది, సడలిన చేయి దాన్ని మింగేస్తుంది. ఇది గుర్తుపెట్టుకుంటే వైద్యం సులభం.

ఈ వరుసలో చూసుకోండి. బొటనవేలు నిటారుగా చాచుకుపోయిందా? పోతే వంచండి, మొదట చూడాల్సింది ఇదే. తర్వాత చూపుడు వేలు పైనుంచి పొడుస్తోందా అని. ఆ తర్వాత కుడి భుజం చెవి వైపు లేచిందా, ఊపిరి బిగపట్టారా అని. చివర్లో వెంట్రుకల వాలు. ఒక అంచు మీదే వాయిస్తుంటే కర్రని కాస్త నిలబెట్టి వెంట్రుకలు చదునుగా ఆనేలా చేసి, వణుకు తగ్గుతుందేమో చూడండి.

వ్యాయామం: మధ్య భాగంలో 10 సెం.మీ. మాత్రమే వాడుతూ, 4 దెబ్బలకి ఒక కమాను. అందులో నిలకడ వచ్చాక అటు 5, ఇటు 5 సెం.మీ. పెంచండి. మొత్తం కమానుతో మొదలుపెట్టి మధ్యలో వణుకుని బలవంతంగా ఆపబోతే ఇంకా బిగుస్తుంది.

రోజిన్‌పొడి
ఒక చిన్న మాట. చేతిని తప్పుబట్టే ముందు కమాను బిగింపు చూడండి. మధ్యలో కర్రకీ వెంట్రుకలకీ నడుమ పెన్సిలు లావు సందు చాలు. కర్ర వంపు పోయి తిన్నగా కనిపిస్తే బిగింపు ఎక్కువైనట్టే, అలాంటి కమాను ఎవరి చేతిలోనైనా ఎగురుతుంది. రోజిన్ (వెంట్రుకలకి పట్టు కోసం రుద్దే బంక ముద్ద) నాలుగైదు రుద్దులు చాలు. తీగ మీద తెల్లగా దుమ్ము పేరుకుంటే ఎక్కువైంది. సాధన అయ్యాక బిగింపు వదలండి, తీగలు పొడి గుడ్డతో తుడవండి. వెంట్రుకలు వేళ్లతో తాకొద్దు, చేతి జిడ్డు అంటిన చోట పట్టు పోతుంది.

నాలుగోవేలు
పట్టు గురించి వివరంగా రాస్తాను, ఎందుకంటే పట్టు సరిగా లేకుండా పై వ్యాయామాలు చేస్తే తప్పే గట్టిపడుతుంది.

ముందు ఖాళీ చేతిని పక్కన వేలాడదీయండి. వేళ్లు వాటంతట అవి వంగి ఉంటాయి. ఆ ఆకారమే కమాను మీదికి రావాలి. బొటనవేలి కొస, ఫ్రాగ్‌కీ (కమానులో చేత్తో పట్టుకునే వైపు వెంట్రుకలు బిగించే చెక్క) తోలు చుట్టుకీ మధ్య మూలలో, కణుపు బయటికి వంగి. దానికి ఎదురుగా మధ్య వేలు. ఈ రెంటి మధ్యా ఒక ఉంగరం ఏర్పడాలి. చూపుడు వేలు కర్ర మీద మొదటి, రెండో కణుపుల మధ్య ఆనాలి, చుట్టుకోకూడదు. ఉంగరపు వేలు ఫ్రాగ్ పక్కగా వాలుతుంది. చిటికెన వేలు గుండ్రంగా వంగి కొస మాత్రమే కర్ర పైన.

కమాను బరువు సుమారు 60 గ్రాములు. చేతిలో పట్టుకుని కర్రని అడ్డంగా గాల్లో నిలిపితే కొస కిందికి లాగుతుంది, దాన్ని మోసేది చిటికెన వేలే. ఫ్రాగ్ దగ్గర వాయించేటప్పుడు కమాను మొత్తం బరువు తీగ మీద కూలిపోకుండా ఆపేదీ అదే. కొస వైపు వెళ్తుంటే చిటికెన వేలి పని తగ్గి, చూపుడు వేలి వైపు చేయి కాస్త లోపలికి తిరుగుతుంది. ఈ అప్పగింత ఒక్కసారిగా జరగదు, కమాను పొడవునా కొంచెం కొంచెంగా జరుగుతుంది.

చిటికెన వేలికి బలం: కమానుని నిలువుగా పట్టుకుని మెల్లగా అడ్డంగా దించండి, మళ్లీ నిలువుకి తేండి. 5 సార్లు. కష్టమైతే ఫ్రాగ్ నుంచి ఒక జానెడు పైకి పట్టుకుని చేయండి, అక్కడ కొస బరువు తక్కువ. తర్వాత పట్టుని 2, 3 సెం.మీ. చొప్పున కిందికి తెచ్చుకోండి. చిటికెన వేలు నిటారుగా బిగిసిపోతే వెంటనే ఆపండి. వంగిన వేలితో రెండుసార్లు చేసినా పనికొస్తుంది, బిగిసిన వేలితో ఇరవై చేస్తే చెడుతుంది.

శ్రుతిపేటిక
బొటనవేలు నిజంగానే నిటారుగా ఉంది, వంచగానే వణుకు బాగా తగ్గింది. కొసలో పల్చదనం మాత్రం అలాగే ఉంది. చూపుడు వేలితో నొక్కితే గీర, నొక్కకపోతే గాలి.

కమాను
నొక్కే ముందు ఒకటి చూడండి: కొసలో మీ కమాను బ్రిడ్జ్‌కి సమాంతరంగా ఉందా? పది మందిలో చాలామందికి అక్కడే దారి తప్పుతుంది. మోచేయి వెనక్కి పోతే చేయి శరీరం చుట్టూ గుండ్రంగా తిరుగుతుంది, కమాను ఫింగర్‌బోర్డ్ మీదికి జారుకుంటుంది. అక్కడ తీగ మెత్తగా ఉంటుంది, ఎంత నొక్కినా నిండుదనం రాదు. మీరు బరువు లోపమనుకుంటున్నది స్థానం లోపం అయ్యుండవచ్చు.

అద్దం ముందు, బ్రిడ్జ్ నిటారుగా కనిపించేలా కూర్చోండి లేదా నిలబడండి. కమాను మధ్యలో పెడితే మోచేయి సుమారు లంబకోణంలో ఉంటుంది. అక్కణ్ణుంచి కొస దాకా కదలాల్సింది ముంజేయి మాత్రమే, మోచేయి కీలు తలుపులా తెరుచుకోవాలి. చివరి 15 సెం.మీ.లో చేతిని కాస్త ముందుకి, శరీరానికి దూరంగా తోస్తున్నట్టు అనిపించాలి. తిన్నగా లాగుతున్నామన్న భావన వచ్చిందంటే చాలాసార్లు వంకరగానే లాగుతున్నట్టు. మధ్య నుంచి ఫ్రాగ్ వైపు మాత్రం పై చేయి కదులుతుంది, మణికట్టు కాస్త పైకి లేస్తుంది. కొసలో అదే మణికట్టు కాస్త దిగుతుంది.

తర్వాత కొస దగ్గరే 8 సెం.మీ. వాడుతూ, మూడో దారిలో, మెట్రోనోమ్ 60కి దెబ్బకో కమాను. ప్రతి కమాను మొదట్లో ముంజేయిని గడియారం ముల్లు తిరిగే దిక్కుకి వ్యతిరేకంగా ఒక్క పిసరు తిప్పండి, బరువు చూపుడు వేలి వైపు వాలుతుంది. వేలితో పొడవడం వేరు, చేయి బరువుని వాల్చడం వేరు. గీర వస్తే పొడిచినట్టు.

గమకప్రియ
కింద కూర్చుని, వయొలిన్ తల కుడి చీలమండ మీద ఆన్చి వాయించేవాళ్లకి ఈ కొలతల్లో ఒక మార్పు. వాద్యం కిందికి వాలి ఉంటుంది కాబట్టి కమాను దారి నేలకి సమాంతరంగా ఉండదు. అద్దంలో నేలతో పోల్చుకోవద్దు, బ్రిడ్జ్‌తోనే పోల్చుకోండి. కుడి మోకాలు పైకి లేస్తే ఫ్రాగ్ వైపు కమాను దానికి తగులుతుంది, చేయి వంకర తిరగడం మొదలవుతుంది. మోకాలు కిందికి, పక్కకి ఉండేలా ముందే సర్దుకోవాలి.

ఇంకో మాట, తీగ మార్పు. నాలుగు తీగలకి నాలుగు ఎత్తులు, జంట తీగలకి మూడు, మొత్తం 7 ఎత్తులు కుడి మోచేతికి తెలియాలి. మంద్ర స్థాయి తీగ మీద మొదలుపెట్టి, జంట, ఒంటి, జంట, ఒంటిగా పైదాకా వెళ్లి రండి, ఒక్కో ఎత్తులో 4 దెబ్బలు. జంటలో రెండు తీగలూ సమంగా మోగాలి. సరళీ వరుసల్లో మ నుంచి ప కి తీగ మారేటప్పుడు టక్కుమని చప్పుడు వస్తుందంటే, మోచేయి ఆలస్యంగా కదులుతోందని అర్థం. మ వాయిస్తుండగానే కమాను జంట ఎత్తుకి చేరువ కావాలి, ప కి మిగిలేది అరంగుళం కూడా ఉండకూడదు.

నాలుగోవేలు
ఇక ఎడమ చేయి. బొటనవేలి బిగుతుకి బొటనవేలిని తిట్టి లాభం లేదు. అది జవాబు మాత్రమే. పైనుంచి వేళ్లు ఎంత నొక్కితే కిందనుంచి అది అంత ఎదురు నొక్కుతుంది. వేళ్ల ఒత్తిడి తగ్గించండి, అది తానే వదులుతుంది.

ఎంత ఒత్తిడి కావాలో ఇలా తెలుసుకోండి. రెండో తీగ మీద రెండో వేలిని ఊరికే తాకించి ఉంచండి, అస్సలు నొక్కకుండా. కమాను నెమ్మదిగా లాగండి. బొంగురుగా, ఈలలా వస్తుంది. కమాను ఆపకుండా 8 దెబ్బల పాటు కొద్దికొద్దిగా ఒత్తిడి పెంచండి. ఎక్కడో ఒకచోట నాదం తేటపడుతుంది. అక్కడ ఆగండి. అంతకు మించి నొక్కిందంతా వృథా. మళ్లీ తగ్గిస్తూ వెనక్కి రండి. నాలుగు వేళ్లకీ, నాలుగు తీగల మీదా చేయండి. ఆ తేటపడే క్షణంలో తీగ ఫింగర్‌బోర్డ్‌కి ఎంత తేలిగ్గా ఆనుతుందో గమనిస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. దీనికి రోజూ 5 నిమిషాలు.

ఆకారం: చూపుడు వేలి మొదలు మెడకి తాకితే తాకవచ్చు, పట్టకూడదు. మణికట్టు మెడ మీదికి కూలిపోకూడదు. బొటనవేలు ఒకటో వేలికి ఎదురుగా, లేదా ఒకటికీ రెండుకీ మధ్యన. వేలు తీగ మీద మెత్తటి భాగంతో చదునుగా పడకుండా, గోటి దగ్గరి కొసతో, కాస్త బొటనవేలి వైపు అంచు మీద పడాలి. గోళ్లు పెరిగితే ఇది అసాధ్యం.

మీ నాలుగో వేలి కష్టానికి అసలు కారణం మోచేయి కావచ్చు. మోచేయి ఎడమకి పోయి ఉంటే చిటికెన వేలు తీగని అందుకోలేక నిటారుగా చాచుకుంటుంది, ఆ చాపుకి బొటనవేలు బిగుస్తుంది. మోచేతిని వయొలిన్ కిందికి, కుడి వైపుకి తిప్పండి. వేళ్ల మొదళ్లు నాలుగూ తీగకి దాదాపు ఒకే దూరంలోకి వస్తాయి. మంద్ర స్థాయి తీగ మీద ఎక్కువ తిప్పాలి, పై తీగకి వచ్చేసరికి తక్కువ. చేతిని నాలుగో వేలికి అనువుగా పెట్టి, ఒకటో వేలిని వెనక్కి చాచండి. ఒకటో వేలికి పెట్టి నాలుగుని ముందుకి చాచే పద్ధతి తలకిందులైంది.

గమకప్రియ
మాయామాళవగౌళ రాగం దీనికి చక్కగా సరిపోతుంది. స ఖాళీ తీగ, రి ఒకటి, గ రెండు, మ మూడు, ప నాలుగో వేలితో. ఆ ప ని వెంటనే పక్క ఖాళీ తీగ ప తో పోల్చి చూడండి. రెండూ ఒకే శ్రుతి కావాలి. రి కి గ కి మధ్య ఎడం ఎక్కువ, గ మ లు పక్కపక్కనే. చేయి చట్రం (మెడ మీద చేయి నిలిచిన అమరిక) కదలకుండా వేళ్లు మాత్రమే విప్పుకోవాలి.

మంద్రషడ్జం
దూరాలు అంకెల్లో కావాలంటే: నట్ (మెడ చివర తీగ ఆనే అంచు) నుంచి బ్రిడ్జ్ దాకా మోగే తీగ సుమారు 328 మి.మీ. అనుకుందాం. మొదటి అర స్వరం నట్ నుంచి 18 మి.మీ. దగ్గర. పూర్తి స్వరం 36 దగ్గర. శుద్ధ మధ్యమం తీగలో సరిగ్గా నాలుగో వంతు, 82 మి.మీ. పై షడ్జం సగం, 164. ఒకటో వేలికీ రెండో వేలికీ మధ్య పూర్తి స్వరం అయితే 32 మి.మీ., అంటే పైకి వెళ్లేకొద్దీ ఎడాలు కుంచించుకుంటాయి. మూడో పొజిషన్‌లో మొదటి పొజిషన్ ఎడాలే వాడితే పై స్వరాలు హెచ్చు పలుకుతాయి. చాలామంది మూడో పొజిషన్‌లో అపశ్రుతికి జరపడాన్ని తప్పుబడతారు గానీ, సగం సార్లు తప్పు ఎడాలదే.

రోజిన్‌పొడి
అంకెలు ఇచ్చారు కాబట్టి అడుగుతున్నా, ఫింగర్‌బోర్డ్ మీద ఆ చోట్లలో టేపు అంటించుకుంటే తప్పా? మొదట్లో చేతి చట్రం కుదరడానికి పనికొస్తుందనే నా అభిప్రాయం. 36 మి.మీ. దగ్గర ఒకటి, 82 దగ్గర ఒకటి. రెండే.

మంద్రషడ్జం
చట్రం కోసమైతే సరే, కొన్ని వారాలు. శ్రుతి కోసమైతే ఒప్పుకోను. కారణం చెప్తాను. పాశ్చాత్య శ్రుతిలో, అంటే తీగలన్నీ (G, D, A, E) పంచమం ఎడంలో ఉన్నప్పుడు, A తీగ మీద ఒకటో వేలితో B వేయండి. దాన్ని పై ఖాళీ తీగ E తో కలిపి వాయించి పొందిక చూసుకోండి. ఇప్పుడు వేలు కదపకుండా కింది ఖాళీ తీగ D తో కలిపి వాయించండి. అపశ్రుతిగా వినిపిస్తుంది. వేలిని వెనక్కి, నట్ వైపు, సుమారు మూడున్నర మి.మీ. జరిపితే గానీ D తో పొందిక కుదరదు. ఒకే స్వరం, రెండు చోట్లు, మధ్య తేడా కంపనాల నిష్పత్తిలో 81/80. టేపు వీటిలో ఎక్కడ అంటించాలి? కన్ను చూపించే చోటు కాదు, చెవి ఒప్పుకునే చోటే చోటు.

చెవికి ఆసరా వాద్యంలోనే ఉంది. D తీగ మీద మూడో వేలితో G వేస్తే, ఖాళీ G తీగ తానే కంపిస్తుంది. A మీద మూడో వేలికి ఖాళీ D, E మీద మూడో వేలికి ఖాళీ A. స్వరం కరెక్టుగా పడితే నాదం ఒక్కసారిగా విచ్చుకుంటుంది, ఒక్క మి.మీ. తప్పితే మూసుకుంటుంది. కర్ణాటక శ్రుతి స ప స ప లో కూడా అంతే: మంద్ర పంచమం తీగ మీద మూడో వేలితో స వేస్తే పక్క ఖాళీ షడ్జం తీగ వణకడం కంటితో చూడొచ్చు. రోజూ సాధనకి ముందు ఈ స్వరాలొక్కటే 3 నిమిషాలు వేసుకోండి. తంబురా శ్రుతి పెట్టుకుంటే ఇంకా మంచిది, కానీ గట్టిగా పెట్టొద్దు, మీ తీగ పలికేది మీకు వినపడాలి.

రోజిన్‌పొడి
ఇప్పుడే వేసి చూశాను, D తో నిజంగానే పొందిక కుదరలేదు. టేపు మాట వెనక్కి తీసుకుంటున్నా, చట్రం కోసం తప్ప.

శ్రుతిపేటిక
మూడో పొజిషన్‌కి జరగడం గురించి కూడా చెప్పండి. జరిగేటప్పుడు మధ్యలో కీచుమని జారుడు చప్పుడు వినిపిస్తోంది, చేరాక శ్రుతి ఒక్కోసారి ఒక్కోచోట.

నాలుగోవేలు
జరపడంలో మూడు అడుగులున్నాయి, అన్నీ ఒకేసారి చేయబోవడంతోనే చిక్కు. వదలడం, ప్రయాణం, దిగడం.

వదలడం అంటే వేలిని ఎత్తేయడం కాదు. ఇందాక చెప్పిన 'తాకించి ఉంచిన' ఒత్తిడికి తగ్గించడం. ప్రయాణంలో వేలు తీగని తాకుతూనే ఉంటుంది, బొటనవేలు చేతితో పాటే బయల్దేరుతుంది. ఎక్కువమందికి వేళ్లు ముందు పోతాయి, బొటనవేలు పాత చోటే ఉండిపోతుంది, చేయి సాగి మళ్లీ లాక్కుంటుంది. అతుక్కుపోయినట్టు అనిపించేది అదే. దిగడం అంటే చోటు చేరాక మాత్రమే ఒత్తిడి తిరిగి ఇవ్వడం.

సాధన: రెండో తీగ, ఒకటో వేలు. మొదటి పొజిషన్ స్వరం 4 దెబ్బలు. తర్వాత 4 దెబ్బలు ప్రయాణం, కమాను ఆపకుండా, వేలు తేలిగ్గా, బొంగురు శబ్దం వినిపిస్తూనే. తర్వాత 82 మి.మీ. చోట 4 దెబ్బలు తేటగా. చేరిన చోటుని పక్క ఖాళీ తీగతో సరిచూసుకోండి, పాశ్చాత్య శ్రుతిలో A తీగ మీద అక్కడ D వస్తుంది, ఖాళీ D మోగాలి. వెనక్కి కూడా అంతే. క్రమంగా ప్రయాణాన్ని 2 దెబ్బలకి, 1కి, అర దెబ్బకి కుదించండి, ఒత్తిడి మాత్రం తేలిగ్గానే. వేగం పెరిగింది కదా అని నొక్కితే కీచు తిరిగొస్తుంది.

ఒక వేలి నుంచి ఇంకో వేలికి జరిగేటప్పుడు, ఉదాహరణకి మొదటి పొజిషన్ ఒకటో వేలి నుంచి మూడో పొజిషన్ మూడో వేలికి, ఒకటో వేలే దారి చూపాలి. అది మూడో పొజిషన్‌లో తన చోటికి చేరాకే మూడో వేలు పడుతుంది. నెమ్మదిగా చేసేటప్పుడు ఆ దారి చూపే స్వరం వినపడేలా వాయించండి, తర్వాత దాన్ని దాచేయవచ్చు. మూడో వేలు గాల్లో దూకి తన చోటు వెతుక్కుంటే రోజుకో చోట దిగుతుంది.

గమకప్రియ
జారు (స్వరం నుంచి స్వరానికి జారే గమకం) కోసం జరిపేటప్పుడు లెక్క వేరని చెప్పాలి. అక్కడ ఆ జారుడు వినపడటమే రాగ భావం, కాబట్టి వేలి ఒత్తిడి ప్రయాణంలోనూ తేటపడే స్థాయిలోనే ఉంటుంది. అయినా బొటనవేలి నియమం మారదు. కూర్చుని వాయించే పద్ధతిలో వాద్యాన్ని భుజమూ చీలమండా మోస్తాయి, ఎడమ చేతికి మోసే పని లేదు. ఆ స్వేచ్ఛ ఉండి కూడా బొటనవేలు మెడని పట్టుకుంటే దానికి కారణం అలవాటు తప్ప మరొకటి లేదు. పరీక్ష: ఒక స్వరం పట్టుకుని బొటనవేలిని మెడ నుంచి పూర్తిగా తీసేసి కమాను లాగండి. వాద్యం కదలకపోతే కూర్చున్న తీరు సరిగ్గా ఉంది. కదిలితే ముందు కూర్చోవడం సరిచేసుకోండి.

కంపితం గురించి కూడా. వైబ్రాటో, కంపితం ఒకటి కావు. వైబ్రాటోలో వేలి కొస ఒకేచోట నాటుకుని ఉంటుంది, చేయి దాని చుట్టూ ఊగుతుంది, సెకనుకి 5 నుంచి 7 ఊపులు, శ్రుతి పిసరంత మాత్రమే కదులుతుంది. కంపితంలో వేలు నిజంగా జరిగి పక్క స్వరాన్ని తాకి వస్తుంది, ఎంత జరగాలో ఎంత వేగంగా జరగాలో రాగమే చెబుతుంది. తోడి గాంధారాన్ని వైబ్రాటోలా ఊపితే అది తోడి అనిపించుకోదు. రెండూ నేర్చుకునేవాళ్లు వేర్వేరు పూటల్లో సాధన చేస్తే చేతికి గందరగోళం తగ్గుతుంది.

వైబ్రాటోకి మొదటి మెట్టు: మెట్రోనోమ్ 60, మూడో పొజిషన్, రెండో వేలు. స్వరం నుంచి కిందికి వాలి తిరిగి స్వరానికి. పైకి పోవద్దు. దెబ్బకి 1 ఊపు, తర్వాత 2, 3, 4. సమంగా రాకపోతే వేగం పెంచొద్దు. కమాను ఊగుతుంటే ఆపి, ఖాళీ తీగ మీద కుడి చేయిని శాంతపరిచి మళ్లీ రండి.

కమాను
ఇక కలపడం. మొదటి ప్రశ్నకి నా జవాబు: గంటలో మొదటి 15 నిమిషాలు ఖాళీ తీగలు, తర్వాత 15 ఎడమ చేయి, అందులో 5 ఒత్తిడి పరీక్షకి, 10 జరపడానికి. మిగతా అరగంట కలిపి. ఒకే వ్యాయామంలో 10 నిమిషాలు దాటకండి, చెవి వినడం మానేస్తుంది.

కలిపే పద్ధతి: వాయించబోయే వరుసని ముందు ఎడమ చేతితో మాత్రం, కమాను లేకుండా, వేళ్ల చప్పుడు వినండి. తర్వాత అదే వరుసకి కమాను మాత్రం, ఏ తీగ మీద పడుతుందో ఆ ఖాళీ తీగల మీద, అవే కమాను మార్పులతో. తర్వాత రెండూ. తీగ మార్పులో తడబాటు ఎవరిదో రెండో అడుగులోనే బయటపడుతుంది, ఖాళీ తీగల మీద కూడా తడబడితే ఎడమ చేయి నిర్దోషి.

వేగమైన వరుసల్లో వేలు కమాను కన్నా ముందు పడాలి, చాలా కొద్దిగా. ఆలస్యమైతే ప్రతి స్వరం మొదట్లో మసక. దానికి ఆపి వాయించే సాధన ఉంది: కమాను ఆపండి, వేలు వేయండి, కమాను లాగండి. ఆపు క్రమంగా చిన్నదవుతూ మాయమవ్వాలి. తర్వాత పొడవు-పొట్టి, పొట్టి-పొడవు నడకల్లో అదే వరుస. తప్పు లేకుండా వరసగా మూడుసార్లు వస్తేనే మెట్రోనోమ్ 4 అంకెలు పెంచండి.

మంద్రషడ్జం
నొప్పి గురించి ఎవరూ రాయలేదు. కండరం అలసట వేరు, అది విశ్రాంతితో పోతుంది. మణికట్టులో పోటు, వేళ్లలో తిమ్మిరి, మోచేతి లోపలి వైపు సలుపు వస్తే ఆ రోజుకి సాధన ఆపేయాలి, తగ్గకపోతే వైద్యుణ్ణి చూడాలి. సాధనతో బలపడుతుందని నొప్పి మీద వాయించడం ప్రమాదం. 25 నిమిషాలకోసారి వాద్యం కింద పెట్టి చేతులు వేలాడదీయండి.

శ్రుతిపేటిక
కొసలో పల్చదనం అద్దంలో తేలింది, కమాను చివరి పావు భాగం ఫింగర్‌బోర్డ్ మీదికే పోతోంది. చేతిని ముందుకి తోస్తే నాదం నిండింది. ఒక్క చివరి ప్రశ్న: మంద్ర తీగ మీద నాలుగో వేలు వేస్తే పక్క తీగ కూడా తగిలి ఆగిపోతోంది. మోచేయి తిప్పినా తగులుతోంది.

నాలుగోవేలు
వేలు కొసతో కాకుండా పక్కకి వాలి పడుతోంది. చిటికెన వేలిలో గోటికి దగ్గరి కణుపు లోపలికి విరిగినట్టు వంగితే ఇలా అవుతుంది. వేలిని తీగకి ఒక సెం.మీ. ఎత్తులో వంపుతో నిలిపి, ఆ వంపు మారకుండా మొదలు కణుపు నుంచి దించండి. కమాను లేకుండా 10 సార్లు, ఆపై మంద్ర తీగ మీద నాలుగో వేలు ఉంచి పక్క ఖాళీ తీగతో కలిపి జంటగా లాగండి. రెండూ తేటగా మోగితే వేలు నిలబడినట్టు. శ్రుతి సరిగా ఉంటే ఆ రెండూ ఒకే స్వరం, కాబట్టి వంపునీ శ్రుతినీ ఒకే దెబ్బకి సరిచూసుకోవచ్చు.